ముప్పై మిల్లీమీటర్లు

టైరుకీ దాని మీది ఫెండరుకీ మధ్య వేళ్లు పెట్టి కొలిచే జబ్బొకటి ఉంది. నా పోలో జీటీ టీఎస్ఐకి నాలుగు వేళ్లు పడతాయి. 105 పీఎస్ టర్బో ఇంజను, ఏడు గేర్ల డీఎస్‌జీ, అన్నీ ఉన్నాయి. నిలబడిన తీరు మాత్రం వాననీళ్లలో పంచె ఎగ్గట్టుకున్న పెద్దమనిషిది. లోయరింగ్ స్ప్రింగులు వేస్తే ఆ పంచె కాస్త దిగుతుంది. నిజం చెప్పుకుందాం, ఈ కోరికలో ముప్పావు వంతు చూపు కోసమే. మిగతా పావు, ఓఆర్ఆర్ మీద లేన్ మారినప్పుడల్లా బండి ఓ పక్కకి ఒరిగిపోవడం నచ్చక.

కానీ ఇది ఆదివారం పూట తీసే బండి కాదు. రోజూ ఆఫీసుకి ఇదే, వారానికి రెండుసార్లు అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్లేదీ ఇదే. అమ్మకి మోకాళ్లు రెండూ అరిగాయి. సంగతి చెప్తే ఒకటే మాట అంది: "ఇప్పటికే ఇందులో కూచోవాలంటే బావిలోకి దిగినట్టుంటుంది. ఇంకా తవ్వుతావుట్రా?"

షెడ్డులో కుర్రాడైతే చాలా తేలిగ్గా తేల్చేశాడు. "కొత్తవెందుకన్నా, ఒకటిన్నర చుట్టు కోసేద్దాం." కోస్తే దిగుతుంది, నిజమే. చుట్లు తగ్గాయి కాబట్టి స్ప్రింగు గట్టిపడుతుంది కూడా. కానీ పొడవు పోయింది కదా, చక్రం గోతిలోకి జారినప్పుడు అది తన గూట్లో వదులైపోవచ్చు. వదులైన స్ప్రింగు మీద అమ్మని కూర్చోబెట్టుకుని ఫ్లైఓవర్ దిగే ధైర్యం నాకు లేదు.

ఎంత కిందికి దిగుతుంది అన్నదాని మీదే అందరి చూపూ. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు: దిగాక ఎంత మిగులుతుంది? చక్రం పైకి లేచి బంప్ స్టాప్ రబ్బరుకి గుద్దుకునేలోపు దానికి కొంత దూరం ఉంటుంది. దాన్నే ట్రావెల్ అంటారు. మనం దించే ప్రతి మిల్లీమీటరూ అందులోంచి పోయేదే. మిగిలిన కొంచెంలోనే అదే గుంత దెబ్బని ఆపాలి కాబట్టి స్ప్రింగు గట్టిగా ఉండి తీరాలి. గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. అంటే మిగతావన్నీ అలాగే ఉంచి తీగని 10 శాతం లావు చేస్తే స్ప్రింగు 46 శాతం గట్టిపడుతుంది. కంటికి తేడా తెలీదు, నడుముకి తెలుస్తుంది.

ఇంకో చిత్రం ఉంది. పోలో ముందు చక్రాలది మాక్‌ఫర్సన్ స్ట్రట్ అమరిక. బండిని దించితే కింది ఆర్మ్ వాలు మారి, రోల్ సెంటర్ బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పోతుంది. ఆ రెంటి మధ్య దూరం పెరిగేకొద్దీ మలుపులో బండిని ఒరగదోసే బలానికి పట్టు దొరుకుతుంది. గట్టిదనం పెంచకుండా ఎత్తు మాత్రం తగ్గిస్తే, ఏ ఒరుగుడు పోవాలని ఇదంతా మొదలుపెట్టామో అదే పెరగొచ్చు!

నేను చూసిన పెట్టెలు రెండూ జర్మనీవే. ఐబాక్ వాళ్లది ఫిన్నెన్‌ట్రాప్, హెచ్ అండ్ ఆర్ వాళ్లది లెన్నెస్టాట్. రెండూ పక్కపక్క ఊళ్లు, అటు ఊరంతా స్ప్రింగులేనేమో. పెట్టె మీద ఉండే అంకె అక్కడి పోలో ఎత్తు నుంచి లెక్క. మన పోలోని మన రోడ్ల కోసం అంతకంటే ఎత్తుగా నిలబెట్టారు. అందుకే అదే స్ప్రింగు ఇక్కడ రాసినదానికంటే ఎక్కువ దిగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 నాటి మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాల్సింది. మా కాలనీలోవి వేసినవాళ్లు ఆ కాగితం చదవలేదు. సన్నగా, నిటారుగా, గోడలకి తమ్ముళ్లలా ఉంటాయి.

చట్టం సంగతీ ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, రిజిస్ట్రేషన్‌లోని వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా చెప్పింది. పాత స్ప్రింగులు నాలుగూ గుడ్డలో చుట్టి అటకెక్కించాను.

చివరికి తీసుకున్నది ఉన్నవాటిలో అందరికంటే తక్కువ దిగే ప్రోగ్రెసివ్ రకం. ఒక కొసన చుట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. చిన్న గతుకులకి మెత్తగా ఒదుగుతుంది, బరువు పడేకొద్దీ బిగుస్తుంది. లీనియర్ రకం ట్రాక్ మీద నమ్మకంగా ఉంటుందంటారు, ఉండనీ. పాత షాకబ్జర్లు గట్టి స్ప్రింగు ఎగుర్ని ఆపలేవు కాబట్టి వాటినీ మార్చాను. ఖర్చు రెట్టింపయింది. రెండు వారాలు తిప్పి, స్ప్రింగులు సర్దుకున్నాక అలైన్‌మెంట్ చేయించాను.

దిగింది ముప్పై మిల్లీమీటర్లు. ఫెండరు కింద ఇప్పుడు రెండున్నర వేళ్లు. కాలనీ స్పీడ్ బ్రేకర్లని మాత్రం ఏటవాలుగా, ఒక్కో చక్రం చొప్పున ఎక్కించి దించాల్సిందే. వెనకనున్న ఆటోవాళ్ల దీవెనలు రోజూ అందుతున్నాయి. అమ్మ సీట్లో గట్టి స్పాంజి దిండు ఒకటి చేరింది. ఆవిడ కూర్చున్నాక అది ముప్పై రెండు మిల్లీమీటర్ల మందం నిలుస్తోంది. టేపు పెట్టి కొలిచాను.