ఏడో నంబర్ మినహాయింపు

మీరు ఉద్యోగం చేస్తుంటే మీ ఫోన్‌లోనో, ఆఫీసు మెయిల్‌లోనో హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ పీడీఎఫ్ ఒకటి ఉండే ఉంటుంది. మనలో చాలామంది దాన్ని తెరవం. ఈ-కార్డు డౌన్‌లోడ్ చేసుకుని, కవరేజీ ఎన్ని లక్షలో చూసుకుని వదిలేస్తాం. నేను మాత్రం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మూడుసార్లు చదివాను. అందులో ఒక లైను నన్ను చూసి రాసినట్టే ఉంది మరి.

పాలసీలో 'మినహాయింపులు' అనే భాగం ఉంటుంది. అంటే వేటికి డబ్బు ఇవ్వరో ఆ జాబితా. ఒక్కోదానికి ఒక్కో కోడ్. బరువు తగ్గించే చికిత్సకు 06. అందం కోసం చేయించుకునే ప్లాస్టిక్ సర్జరీకి 08. ఆ రెండింటి మధ్యలో 07. శరీర లక్షణాలను అవతలి జెండర్‌కి తగ్గట్టు మార్చే ఏ చికిత్సకైనా, సర్జరీతో సహా, ఖర్చు ఇవ్వం అని దాని సారాంశం.

నేను ట్రాన్స్‌మ్యాన్‌ని. పుట్టినప్పుడు అందరూ ఆడపిల్ల అన్నారు, నేను అబ్బాయిని. వయసు 28. మాది సూర్యాపేట దగ్గర ఊరు. వరంగల్‌లో ఇంజినీరింగ్ చేసి, మాదాపూర్‌లో ఒక మధ్యరకం సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. 2022 నుంచి డాక్టర్ పర్యవేక్షణలో టెస్టోస్టిరాన్ తీసుకుంటున్నా. గొంతు మారింది, గడ్డం వచ్చింది. కానీ ఛాతీ హార్మోన్లతో పోదు, దానికి సర్జరీయే దారి. అప్పటిదాకా బైండర్ వేసుకోవాలి. ఛాతీని గట్టిగా అదిమిపట్టే బనీను లాంటిది అది. మే నెల ఎండలో దాని మీద చొక్కా వేసుకుని మెట్రో స్టేషన్ నుంచి ఆఫీసుకి నడిస్తే, సాయంత్రానికి పక్కటెముకలు పట్టేస్తాయి. ఊపిరి నిండా తీసుకోవడం అనేది రాత్రి గది తలుపు వేసుకున్నాకే.

2024 మార్చిలో హాస్పిటల్ వాళ్లు ఎస్టిమేట్ ఇచ్చారు. 2,60,000 రూపాయలు. నా దగ్గర ఉన్నది 1,10,000. మిగతాది ఇన్సూరెన్స్ ఇస్తుందేమో చూద్దామని క్యాష్‌లెస్ కోసం ముందస్తు అనుమతి ఫారం పెట్టించాను.

ఆ ఫారంలో డాక్టర్ జబ్బు పేరుతో పాటు ఐసీడీ-10 కోడ్ కూడా రాయాలి. నాకు రాసింది ఎఫ్64.0. ఐసీడీ-10లో 'ఎఫ్' అంటే మానసిక రుగ్మతల అధ్యాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని కొత్త ఐసీడీ-11లో మానసిక రుగ్మతల నుంచి తీసేసి, లైంగిక ఆరోగ్యం అధ్యాయంలోకి మార్చింది. అది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. కానీ మన ఫారం ఇంకా పదో ఎడిషన్ దగ్గరే ఉంది. అలా ఫారంలో నేను మానసిక రోగిని, పాలసీలో శరీరం మార్చుకోవాలనుకునే మనిషిని. డబ్బు మాత్రం రెండు లెక్కల్లోనూ రాదు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. ఒక్క లైను, చివర్లో కోడ్ 07.

టీపీఏకి ఫోన్ చేశాను. టీపీఏ అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ. ఫోన్ ఎత్తినామె నా గొంతు విని "చెప్పండి సర్" అంది. రికార్డు చూసి, "పాలసీ ఉన్న మేడమ్‌తోనే మాట్లాడాలి సర్" అంది. ఆ మేడమ్ నేనే అని చెప్పాల్సి వచ్చింది. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత పక్కనున్న వాళ్లతో ఏదో అన్నట్టు వినిపించింది.

అప్పటి నుంచి ఒక లెక్క రాయడం మొదలుపెట్టాను. డాక్టర్లను పక్కన పెడితే, ఈ బిల్లు కోసం నా సంగతి ఎంతమందికి చెప్పాల్సి వస్తోందని. హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్క్‌లో అబ్బాయి ఒకరు. ఫోన్‌లో ఈమె రెండు. అపెండిక్స్ తీయించుకునే వాడికి ఈ లెక్క ఉండదు.

ఆ వారం సెలవుకి ఊరెళ్తే అమ్మ అడిగింది. అమ్మకి రెండేళ్ల కిందే చెప్పాను. నాన్న పోయాక మిషన్ కుట్టి మమ్మల్ని చదివించిన మనిషి. ఏడ్చింది, మూడు నెలలు సరిగ్గా మాట్లాడలేదు, తర్వాత మాట్లాడింది. చిన్నప్పటి నుంచీ నన్ను 'నాన్నా' అనే పిలుస్తుంది. మన దగ్గర కొడుకునైనా కూతురినైనా అలా పిలుస్తారు కాబట్టి, ఆ ఒక్క పిలుపు మార్చుకునే పని మా ఇద్దరికీ పడలేదు.

"ఎంతయితది నాన్నా?" అంది. చెప్పాను.

"నా చిట్టీ ఎత్తుతా తియ్. చెల్లె ఫీజు సంగతి తర్వాత సూద్దాం."

ఆ చిట్టీ చెల్లి బీటెక్ మూడో సంవత్సరం కోసం పెట్టింది. అమ్మ అంత మామూలుగా అనేసరికి నాకు గొంతు పట్టుకుంది. ఆ డబ్బు ముట్టుకోకూడదని అక్కడే అనుకున్నా.

హైదరాబాద్ తిరిగొచ్చి చదవడం మొదలుపెట్టాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 2019లో వచ్చింది. అందులో 15వ సెక్షన్, జెండర్ సర్జరీకి, హార్మోన్ థెరపీకి, లేజర్ చికిత్సకి సమగ్ర బీమా పథకం కింద ఖర్చు వచ్చేలా చర్యలు తీసుకోవాలంటుంది. అదే 2019 సెప్టెంబర్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, మినహాయింపులకు ఒకే రకం భాష ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 07 అనే కోడ్ అక్కడి నుంచే వచ్చింది. ఒకే ఏడాదిలో ఒక కాగితం ఇవ్వాలంటే, ఇంకో కాగితం ఎలా కాదనాలో మాటలు నేర్పింది.

మరి చట్టం చూపించి గెలవచ్చా? అంత తేలిక కాదు. 15వ సెక్షన్ ఆ బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది, నేరుగా ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీ మీద కాదు. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు. కానీ ఆయన చూసేది పాలసీలో రాసిన ప్రకారం జరిగిందా లేదా అని. నా పాలసీలో ఇవ్వమనే రాసి ఉంది. రాసిన మాట ప్రకారమే నన్ను కాదన్నారు.

అయితే ఆ మార్గదర్శకాల్లో ఒక సంగతి కనిపించింది. ఇవి తప్పనిసరిగా మినహాయించాలని ఎక్కడా లేదు. మినహాయించదలచుకుంటే ఈ మాటలే వాడాలని మాత్రమే ఉంది. జాబితా ఇంకా కిందికి వెళ్తే 18వ నంబర్ తగిలింది. ప్రసూతి ఖర్చులు!

మా ఆఫీసులో డెలివరీకి క్లెయిమ్ తీసుకున్న వాళ్లు నాకు తెలుసు. వాళ్లకెలా వచ్చింది? గ్రూప్ పాలసీ అంటే కంపెనీకీ ఇన్సూరెన్స్ సంస్థకీ మధ్య ఒప్పందం. కంపెనీ అడిగి, ఎక్కువ ప్రీమియం కట్టి 18ని తీసేయించింది. మరి 18 పోయినప్పుడు 07 ఎందుకు పోదు? నేను ఇన్నాళ్లూ టీపీఏ తలుపు కొడుతున్నా. ఆ లైను కొట్టేయగలిగే పెన్ను మా హెచ్ఆర్ దగ్గర ఉంది. అదీ ఏడాదికి ఒక్కసారి, రెన్యువల్ అప్పుడు. మాకది అక్టోబర్ 1.

హెచ్ఆర్ హెల్ప్‌డెస్క్‌కి టికెట్ పెట్టాను. లెక్కలో మూడు. అక్కడి నుంచి ఉద్యోగుల సదుపాయాలు చూసే మేనేజర్ దగ్గరికి పంపారు. నాలుగు. నలభై దాటిన ఆవిడ. నేను ఒక్క పేజీ రాసుకెళ్లాను. పాలసీలో ఏ లైను, దానికి బదులు ఏం కావాలి, ఎంత పరిమితి వరకు, 18 ఎలా తీసేశారు. చివర్లో ఇంకో పాయింటు: 2020లో వచ్చిన రూల్స్ ప్రకారం ప్రతి సంస్థకీ సమాన అవకాశాల విధానం ఉండాలి, ఉద్యోగి జెండర్ ఐడెంటిటీని గోప్యంగా ఉంచడం అందులో భాగం.

ఆవిడ మొత్తం చదివి, "ఇది ఎన్నడూ ఎవరూ అడగలేదు" అంది.

"అడగాలంటే ముందు ఎవరో చెప్పుకోవాలి కదా మేడమ్" అన్నాను.

ఆవిడ కాసేపు ఆగి, "మీ పేరు లేకుండా అడిగి చూస్తా" అంది. చూసింది కూడా. కానీ బ్రోకర్ కేసు వివరాలు కావాలన్నాడు, ఐదు. ఫైనాన్స్ హెడ్ "ఎవరికోసం ఇదంతా?" అన్నాడట, ఆరు. నన్ను అడిగాకే చెప్పింది, అది మర్చిపోను. సెలవు కోసం నా మేనేజర్‌కి నేనే చెప్పాను, ఏడు. ఆయన "ఎన్ని వారాలు కావాలి?" అని ఒక్కటే అడిగి, క్యాలెండర్ తెరిచాడు. ఏడుగురిలో నాకు తేలిగ్గా అనిపించింది ఆ ఒక్క సంభాషణే.

సెప్టెంబర్ చివర్లో మెయిల్ వచ్చింది. 07 తీసేశారు, 3 లక్షల పరిమితితో. అదనపు ప్రీమియం ఒక్కో ఉద్యోగి మీద ఏడాదికి ఒక ప్లేటు బిర్యానీ అంత కూడా పడలేదని మేనేజర్ చెప్పింది. ఇంత చిన్న మొత్తమా అని సంతోషపడాలో, దీనికోసమా ఇన్నేళ్లూ అని బాధపడాలో తెలియలేదు.

నవంబర్‌లో సర్జరీ. అమ్మ వచ్చింది. అడ్మిషన్ కౌంటర్‌లో అమ్మాయి అమ్మని చూసి, "పేషెంట్ మీకేమవుతారు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ, "మా పెద్దోడు" అంది. ఆ అమ్మాయి టైప్ చేసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది.

బిల్లు 2,48,300 అయింది. ఇన్సూరెన్స్ ఇచ్చింది 2,03,100. నేను కట్టింది 45,200. ఆ 45,200లో గ్లవ్స్ లాంటి 'చెల్లించని వస్తువులు', సర్జరీ తర్వాత వేసుకునే బిగుతు కోటు కలిపి 15,200. మిగతా 30,000 గది వల్ల. నా పాలసీలో గది అద్దె పరిమితి రోజుకి 5,000. నేను తీసుకున్న సింగిల్ రూమ్ 6,000. పరిమితి దాటితే ఆ వెయ్యితో పోదు. గది అద్దె, సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కలిపి నాకైన 1,80,000లో ఆరో వంతు కోత పడింది. తెలిసే తీసుకున్నా. షేరింగ్ గదిలో మగవాళ్ల పక్కన వెయ్యాలా, ఆడవాళ్ల పక్కన వెయ్యాలా అని నర్సులు నా ముందే చర్చించుకోవడం నాకు ఇష్టం లేదు. ఇన్సూరెన్స్ లెక్కలో సింగిల్ రూమ్ విలాసం. నాకు అది కుట్లు మానేదాకా ఎవరికీ ఏమీ వివరించక్కర్లేని చోటు.

ఇంకా కవర్ కానివి ఉన్నాయి. హార్మోన్లు, రక్తపరీక్షలు, సైకియాట్రిస్ట్ లెటర్ ఫీజు అన్నీ ఔట్‌పేషెంట్ ఖర్చుల కింద నా జేబులోంచే. చిట్టీ మాత్రం చెల్లికే దక్కింది.

మీలో ఎవరికైనా ఇదే దారి ఉంటే కొన్ని మాటలు. ఆధార్, ఆఫీసు రికార్డు, హాస్పిటల్ ఫైల్ మూడింట్లో పేరు, జెండర్ ఒకేలా ఉండేలా ముందే చూసుకోండి. నేను నేషనల్ పోర్టల్‌లో అప్లై చేసి కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం తీసుకుని, దాంతో మిగతావి మార్పించుకుని, ఆ తర్వాతే రెండోసారి క్యాష్‌లెస్‌కి వెళ్లాను. ఫోన్‌లో 'కుదరదు' అంటే మెయిల్‌లో రాసివ్వమనండి, ఏ క్లాజు కిందో అడగండి. పాలసీలో కవర్ అని రాసి ఉండీ కాదంటే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో తేలకపోతే అప్పుడు అంబుడ్స్‌మన్ పనికొస్తాడు. 2024 మేలో వచ్చిన ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ విన్నపంపై గంటలోపు, డిశ్చార్జి అప్పుడు మూడు గంటల్లోపు నిర్ణయం చెప్పాలి. కంపెనీ పాలసీ లేని వాళ్ల కోసం 2022 ఆగస్టులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా, జెండర్ సర్జరీతో సహా, కవరేజీకి ఒప్పందం చేసింది. దానికీ ఆ గుర్తింపు పత్రమే ఆధారం.

ట్రాన్స్ కాని వాళ్లు కూడా ఇక్కడిదాకా చదివారంటే ఒక చిన్న పని. మీ పీడీఎఫ్‌లో 07 ఉందేమో చూసి, రెన్యువల్‌కి రెండు మూడు నెలల ముందు మీ హెచ్ఆర్‌ని మీరు అడగండి. మీరు అడిగితే అది ఒక మామూలు ప్రశ్న. మేం అడిగితే మా జీవితం మొత్తం చెప్పుకోవడం.

మా కంపెనీలో ఇప్పుడు ఈ క్లెయిములు ఒక్కరే చూస్తారు, మెయిల్స్‌లో పేరుండదు, ఉద్యోగి నంబర్ మాత్రమే. మొన్న క్యాంటీన్‌లో టీ దగ్గర మేనేజర్ కనిపించి, "ఇంకొకరు వాడుకున్నారు" అని మాత్రం చెప్పింది. ఎవరని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ మనిషి లెక్క ఏడు దాకా పోకుండా, ఒకటి దగ్గరే ఆగింది.