బూట్ గదిలో పాత పెట్టెలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మేము ముగ్గురం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. కవితలు మాకు రావు. నీళ్ళ చారు గురించీ, చలికాలం దుప్పట్ల గురించీ మా ముందు బ్యాచ్‌ల అన్నలు ఇప్పటికే బాగా రాశారు. అందుకని మేము చేసే ఉద్యోగం గురించి, అందులో మేము చేసిన ఒక తప్పు గురించి రాస్తున్నాం. కంప్యూటర్ వైపు వెళ్ళాలనుకునే తమ్ముళ్ళకు పనికొస్తే సంతోషం.

మాది ఒకే హాస్టల్, వేర్వేరు బ్యాచ్‌లు. 2017లో ముగ్గురం హైదరాబాద్‌లో ఒకే కంపెనీలో సర్వర్లు చూసే పనిలో ఉన్నాం. ఇద్దరం పర్మనెంట్. మాలో చిన్నవాడు చేరి మూడు నెలలే, అదీ కాంట్రాక్టు మీద. మా సర్వర్లు ఎక్కువగా లినక్స్ మీద నడిచేవి. 1991లో ఫిన్‌లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన కెర్నెల్ అది. కెర్నెల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే మేము మన వార్డెన్ గారిని చెబుతాం. ఎవరికి ఏ గది, వంటమనిషికి ఎన్ని కిలోల బియ్యం, గేటు ఎప్పుడు తీయాలి, అన్నీ ఆయన చేతిమీదుగానే కదా. కంప్యూటర్‌లో మెమరీ, డిస్కు, ప్రోగ్రాములు అన్నిటికీ అలాంటి పెద్ద కెర్నెలే.

భద్రతా లోపాలు సరిదిద్దినప్పుడల్లా కొత్త కెర్నెల్ వస్తుంది. అది వచ్చినంత మాత్రాన పాతది పోదు. కొత్తదానితో సర్వర్ లేవకపోతే పాతదానితో లేపుకోవాలి గనుక దాన్ని ఉంచుతారు. పైగా సర్వర్‌ను రీబూట్ చేసేదాకా నడిచేది పాతదే. ఈ కెర్నెళ్ళ ఫైళ్ళన్నీ బూట్ అనే చిన్న విభాగంలో ఉంటాయి. మేము చెప్పబోయే సర్వర్‌లో ఆ విభాగం 240 ఎమ్‌బీ. ఒక్కో కెర్నెల్‌కు అసలు ఫైలు 7 ఎమ్‌బీ, లేచేటప్పుడు కావలసిన సామాన్ల మూట 37 ఎమ్‌బీ, మిగతా చిల్లర కలిపి 50 దగ్గరకు వస్తుంది. నాలుగు పడతాయి. ఐదోది వచ్చి సగంలో ఆగిపోయింది.

అది డిసెంబర్ నెల, రాత్రి డ్యూటీ. ఒక ఆస్పత్రి ల్యాబ్ రిపోర్టులు ఉండే సర్వర్ అది. స్థలం లేదని తెర మీద హెచ్చరిక. చిన్నవాడి లాగిన్ తెరిచి ఉంది, మేమిద్దరం వాడి వెనక నిలబడ్డాం. బూట్‌లో ఏమున్నాయో జాబితా వేయమన్నాం. వెర్షన్ నంబర్ల చివర తోకలు ఇలా వచ్చాయి: 101, 103, 96, 97, 98. పైనున్నవి పాతవి, కిందున్నవి కొత్తవి అనుకున్నాం. పై మూడూ కొట్టెయ్యమని చెప్పింది మేమిద్దరమే. వాడు "అన్నా, ఒక్కసారి చూద్దామా" అన్నాడు. చూడలేదు. హెచ్చరిక పోయింది, మేము టీకి పోయాం.

ఇప్పుడు ఇది చదివే ఏ ఏడో తరగతి పిల్లవాడైనా నవ్వుతాడు. 101 కన్నా 98 ఎలా కొత్తదవుతుంది? జాబితా అక్షరక్రమంలో వచ్చింది. నిఘంటువులో మాటల్లా మొదటి అంకెను బట్టి పేర్చింది, ఒకటి తొమ్మిది కన్నా ముందు. రాత్రి ఒంటిగంటకు ఆ మాత్రం మా బుర్రకు తట్టలేదు. రెండో తప్పు ఇంకా పెద్దది. ఫైళ్ళను చేత్తో చెరిపేశాం తప్ప, ప్యాకేజీలు చూసే ప్రోగ్రాముకు చెప్పలేదు, లేచేటప్పుడు కనిపించే మెనూకూ చెప్పలేదు. హాజరు పట్టీలో పేరు అలాగే ఉంది, మనిషి మాత్రం లేడు.

సర్వర్‌కు ఏమీ కాలేదు. నడుస్తున్న 98 అప్పటికే మెమరీలో ఉంది, దాని ఫైళ్ళూ అదృష్టం కొద్దీ మిగిలాయి. నెలాఖరు శనివారం కరెంటు పనికోసం సర్వర్లన్నీ ఆపి మళ్ళీ వేశారు. మిగతావన్నీ లేచాయి. ఇది లేవలేదు. డేటా సెంటర్‌లోని టెక్నీషియన్ తెర ముందు నిలబడి ఒక్కో అక్షరం ఫోన్లో చదివి వినిపించాడు. మెనూ 101ని అడుగుతోంది, ఆ ఫైలు దొరకలేదంటోంది. అవతల ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ సిస్టర్లు రిపోర్టులు చేత్తో రాసుకుంటున్నారని తెలిసింది. మెనూలో లోపలికి వెళ్ళి 98ని ఎంచుకోమని చెప్పడానికి మాకు దాదాపు గంట పట్టింది. భయంలో తెలిసిన సంగతి కూడా గుర్తుకు రాదు. 98తో లేచింది. ఆ పాతది మిగిలి ఉండకపోతే తెల్లారిపోయేది.

పొద్దున ఎనిమిదిన్నరకు మేనేజరు అడిగారు, ఎవరు చెరిపారని. కమాండ్ల చరిత్రలో ఉన్నది చిన్నవాడి లాగిన్. వాడు మా వైపు చూడలేదు, నేల వైపు చూశాడు. పదిన్నర దాకా మేమిద్దరం నోరు విప్పలేదు. ఈ ముక్క రాయాలా వద్దా అని చాలా అనుకుని రాస్తున్నాం. ఇళ్ళలో అప్పులు, చెల్లెలి పెళ్ళి, అన్నీ ఆ రెండు గంటల్లో గుర్తొచ్చాయి. వాడికీ ఇల్లుందని మాత్రం ఆలస్యంగా గుర్తొచ్చింది. చివరికి ఇద్దరం లోపలికి వెళ్ళి, చెరపమన్నది మేమేనని రాసిచ్చాం. ఆ ఏడాది మాకు ఇంక్రిమెంట్ లేదు. వాడి కాంట్రాక్టు పొడిగించారు. వాడు మాతో మామూలుగా మాట్లాడటానికి సంక్రాంతి దాటింది.

ఆ సంక్రాంతి నెలలోనే, అంటే 2018 జనవరిలో, మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడి ప్రపంచమంతా సర్వర్లను రీబూట్ చేసింది. ఉబుంటు 16.04కు అప్పుడు వచ్చిన 108 నంబర్ కెర్నెల్‌తో కొన్ని యంత్రాలు లేవనే లేదు. వెంటనే 109 పంపి సరిచేశారు. పాతది ఉంచుకున్నవాళ్ళు దానితో లేపుకున్నారు.

ఇప్పుడు మా పద్ధతి వేరు. ముందు నడుస్తున్న కెర్నెల్ ఏదో యూనేమ్‌తో అడిగి కాగితం మీద రాసుకుంటాం. దాన్నీ, దాంతోపాటు ఇంకొక మంచిదాన్నీ ముట్టుకోం. తీసేయడం ఎప్పుడూ ఆప్ట్ ఆటోరిమూవ్ ద్వారానే, పర్జ్ అని కలిపి. పర్జ్ అనకపోతే ప్యాకేజీ పోయినా దాని సెట్టింగులు మిగులుతాయి, డీపీకేజీ జాబితాలో ఆర్‌సీ అనే గుర్తుతో కనబడుతూ ఉంటాయి. మాడ్యూల్స్ డైరెక్టరీలో కూడా పాత నంబర్లతో ఖాళీ అరల్లాంటివి ఉండిపోతాయి. వాటిని చివరన, ఒక్కొక్కటీ చూసి తీస్తాం. రెడ్‌హ్యాట్ కుటుంబం వాళ్ళకు కొంత నయం. ఎన్ని కెర్నెళ్ళు ఉంచాలో సెట్టింగులోనే ఉంటుంది, మామూలుగా మూడు. ఒకరు కమాండ్ కొడుతుంటే రెండోవాడు నంబర్లు పైకి చదవాలని కూడా పెట్టుకున్నాం. చిన్నవాడి పట్టు అది.

మన హాస్టల్ స్టోరు గది సంగతి కూడా ఒకటి చెప్పాలి. మేము పదో తరగతిలో ఉండగా వార్షికోత్సవానికి ముందు ఆ గది శుభ్రం చేయమన్నారు. తుప్పు పట్టిన ట్రంకు పెట్టెలు, ఎవరివో తెలియవు. ఎప్పుడో వెళ్ళిపోయినవాళ్ళవని మేమే తీర్పు చెప్పి బయట పారేశాం. నెల తర్వాత ఒక సీనియర్ అన్న తన టెన్త్ మెమో కోసం వచ్చాడు. కామాటి ఆ పెట్టెల్లోని కాగితాలన్నీ అప్పుడే ఏరి గోనెసంచిలో దాచి ఉంచాడు కాబట్టి బతికిపోయాం. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, సంచి మాత్రం మా చేతే మోయించాడు.

ఈ ఏడాది కూడా స్టోరు గది సర్దుతున్నారని విన్నాం. కిటికీ పక్కన నీలం రంగు ట్రంకు పెట్టె ఒకటుండాలి, మూత మీద మేకుతో గీసిన మూడు గీతలుంటాయి. తమ్ముళ్ళారా, దాని తాళం పగలగొట్టకండి. సభ రోజు మేము వచ్చి తీస్తాం.