గోధుమలు మానకముందే పరీక్ష

నాకు సీలియాక్ జబ్బు ఉందని తేలేసరికి మా ఇంట్లో వాడని చిట్కా లేదు. కడుపు ఉబ్బరమే కదా అని వాము నములుతూ ఏళ్లు వెళ్లదీస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదట్లో తిన్న కాసేపటికే పొట్ట బిర్రుగా ఉబ్బేది. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. అర్ధరాత్రి నిద్రలోంచి లేచి పరిగెత్తేదాన్ని. బడిలో పాఠం మధ్యలో ఆపేసి బయటికి వెళ్లాల్సి వచ్చేది. తిండి తగ్గలేదు, మనిషిని మాత్రం చిక్కిపోయాను. నోరు పూసేది, జుట్టు కుచ్చులుగా రాలేది. హిమోగ్లోబిన్ ఏడుకు పడిపోయింది. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా రక్తం పట్టలేదు.

మాది తెనాలి. పొద్దున్నే అత్తయ్య జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చేది. మొదటి ముద్దలోకి శొంఠిపొడి, నెయ్యి. మధ్యాహ్నం ఇంగువ, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ. అమ్మ ఊరి నుంచి మారేడు పండ్లు పంపేది, పిన్ని దానిమ్మ తొక్క కషాయం పెట్టమనేది. అందరూ ప్రేమతోనే చేశారు. కొంత ఉపశమనం కూడా ఉండేది. వాము తింటే గ్యాస్ తగ్గేది, మజ్జిగ తాగితే కడుపు చల్లబడేది. ఆ పూట తేరుకునేదాన్ని, రెండు రోజులకు మళ్లీ మొదలు. కాస్త తగ్గినప్పుడల్లా డాక్టరు దగ్గరికి వెళ్లే పని వెనక్కి పోయేది.

తర్వాత కొనుక్కున్న మందులు మొదలయ్యాయి. కలబంద రసం, ప్రోబయోటిక్ గుళికలు, పేగులు శుభ్రం చేస్తుందని ఒకరు అమ్మిన పొడి. ఆ పొడిలో ఉన్నది త్రిఫల, సునాముఖి ఆకు. రెండూ విరేచనం చేయించేవే. అది వాడిన వారం మంచం దిగలేకపోయాను. నీరసానికని పాలల్లో మాల్ట్ పొడి కలిపి ఇచ్చారు. రాత్రిపూట అన్నం అరగదు, చపాతీ తినమన్నారు. ఒంట్లో బాగోలేని రోజున గోధుమరవ్వ జావ.

సీలియాక్ అంటే ఏమిటో తెలిశాక ఇవన్నీ ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లు అది తింటే ఒంట్లోని రక్షణ వ్యవస్థ తిరగబడి చిన్నపేగునే దెబ్బతీస్తుంది. పేగు లోపలి గోడ మీద నూగులాంటి పొర ఉంటుంది. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునేది అదే. అది అరిగిపోతే ఐరన్ ఎక్కడ పడుతుంది? ఇక మాల్ట్ అంటే చాలావరకు బార్లీయే. బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు. మా వంటింటి డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఆ మాట ఉంది. అరుగుదలకని మజ్జిగలో రోజూ వేసుకున్నది అదే.

ఒక ప్రకృతి వైద్య సలహాదారు గోధుమలు పూర్తిగా మానేయమన్నారు. మానేశాను. విరేచనాలు కట్టాయి. కానీ రక్తం పూర్తిగా పెరగలేదు, ఎముకల నొప్పులు మొదలయ్యాయి. చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రికి వెళితే అక్కడి డాక్టరమ్మ సీలియాక్ అనుమానించి టీటీజీ యాంటీబాడీ పరీక్ష రాసింది. ఏమీ లేదని వచ్చింది. గ్లూటెన్ తింటున్నప్పుడే ఆ యాంటీబాడీలు రక్తంలో సరిగ్గా కనిపిస్తాయట. మానేసిన కొన్ని నెలలకు తగ్గిపోతాయి, పేగు కూడా కొంత కోలుకుంటుంది. జబ్బు ఉందో లేదో తేల్చాలంటే మళ్లీ గోధుమలు తినాలి. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు.

నా మొత్తం బాధలో అదే అన్నిటికంటే కష్టమైన కాలం. ఇంతకుముందు ఏది పడక బాధపడుతున్నానో తెలియదు. ఇప్పుడు తెలిసి తినాలి. అత్తయ్య చపాతీ కాల్చి పళ్లెంలో వేసి, "తినమ్మా" అనలేక వంటింట్లోకి వెళ్లిపోయేది. నేను దాన్ని చిన్నచిన్న ముక్కలు చేసి పప్పులో ముంచి మింగేదాన్ని. రెండోది సగంలో ఉండగానే కడుపులో మెలిపెట్టడం మొదలయ్యేది. మా ఆయన బడికి సెలవు చీటీ రాసి ఇచ్చి వచ్చేవారు. గడువు పూర్తయ్యాక మళ్లీ రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి ముక్కలు తీశారు. ఈసారి అనుమానానికి తావులేకుండా తేలింది.

దీనికి మందు లేదు, జీవితాంతం పథ్యమే. మనకు వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, పెసలు ఉన్నాయి. పెసరట్టు, సంకటి, జొన్నరొట్టె హాయిగా తింటాను. జాగ్రత్త పడాల్సింది గోధుమ కలిసే చోట. పిండిమరలో నా ముందు గోధుమలు ఆడించి ఉంటే, రాళ్ల మధ్య మిగిలిన పిండి నా జొన్నల్లో కలుస్తుంది. అందుకే జొన్నలు కడిగి ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీ పడుతున్నాం. ఇంగువ బియ్యప్పిండితో చేసింది కొంటాం. డబ్బా మీద గ్లూటెన్ రహితం అని ఉండాలంటే మన దేశ నిబంధన ప్రకారం గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. నెలలు గడిచేకొద్దీ రక్తం పట్టింది, రాత్రిళ్లు నిద్ర పట్టింది. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి మా అమ్మాయికీ పరీక్ష చేయించాం.

వాము, జీలకర్ర మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాయి, ఉంటాయి. పెళ్లి భోజనం తర్వాతి ఉబ్బరానికి అవి చాలు. కానీ బరువు తగ్గుతున్నా, రక్తం పట్టకపోయినా, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉన్నా చిట్కాల మీద ఒక్క వారం కూడా ఎక్కువ గడపకండి. గోధుమలు మీ అంతట మీరు మానేయకండి. ముందు పరీక్ష చేయించుకోండి, ఫలితం చూసి డాక్టరు చెప్పాక మానండి. నేను పడ్డ ఆ వారాలు మీరు పడనక్కర్లేదు.