టీవీ పక్కన మసాజర్, అక్క అడిగిన మాట

మన ఒంటికి ఇంకొకరు శ్రద్ధగా నూనె రాసిన రోజులు ఎన్ని ఉంటాయో లెక్కపెట్టి చూడండి. పసిపిల్లగా ఉన్నప్పుడు, పెద్దమనిషి అయినప్పుడు, పెండ్లికి నలుగు పెట్టినప్పుడు, బాలింతగా ఉన్నప్పుడు. అంతే. ఆ తర్వాత ముప్పై ఏండ్లు మన ఒళ్లు పనికి మాత్రమే. నొప్పి లేస్తే బామ్, ఇంకా లేస్తే గోలీ.

మా ఇంటికి వాండ్ మసాజర్ వచ్చింది కూడా నొప్పి వల్లే. నా నడుం, మెడ పట్టేస్తున్నాయని మా ఆయన తెప్పించారు. చూడటానికి అచ్చం పప్పుగుత్తి. పొడుగు పిడి, చివర గుండ్రటి మెత్తని తల. స్విచ్ వేస్తే ఆ తల గబగబా అదురుతుంది. పట్టేసిన భుజం మీద కాసేపు పెట్టుకుంటే వదులైనట్టు ఉంటుంది. మా అత్తమ్మ పిక్కలకు పెట్టుకుంటారు. మా నల్లగొండ ఇంట్లో అది టీవీ పక్కనే ఉంటుంది, దాచేదేం లేదు.

నాగర్‌కర్నూల్ దగ్గర పల్లెలో ఉండే మా అక్క ఒకనాడు ఫోన్ చేసి, అవీ ఇవీ మాట్లాడి, గొంతు తగ్గించి అడిగింది. "ఏమే, ఆ మిషన్ ఇంకోదానికి గూడ వాడుతరంట గద, నిజమేనా?" నేను నవ్వలేదు. ఎందుకంటే తర్వాతి మాట నవ్వేది కాదు. "గర్భసంచి తీసేసినంక నాకు ఇంక ఆ సంగతే లేదనుకున్న. పదేండ్లాయె. అందరు అట్లనే అన్నరు. కానీ మనసుకైతే ఉంటది గదనే!" ఈ మాటలు తను ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

అక్కకు ఆపరేషన్ అయినప్పుడు ముప్పై ఎనిమిదేండ్లు. మన ఊళ్లలో ఇది కొత్త కథ కాదు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెప్తున్నాయి. ఆపరేషన్ తర్వాత ఎన్ని నెలలు బరువులు ఎత్తొద్దో చెప్తారు. పక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, మనం అడగం. అక్క అప్పట్నుంచి మనవరాలిని పక్కలో వేసుకుని వేరే గదిలో పడుకుంటోంది. బావ ఏమీ అనడు. ఇద్దరి మధ్యా ఆ మౌనమే మిగిలింది.

నాకు తెలిసింది అక్కకు చెప్పాను. గర్భసంచి పిల్లలను మోసేది. సుఖం తెలిసే ముఖ్యమైన చోటు క్లిటోరిస్, అది బయటి భాగంలో ఉంటుంది. ఈ ఆపరేషన్‌లో దాన్ని తియ్యరు. పైకి గింజంతే కనిపిస్తుంది గానీ, లోపల రెండు పక్కలా చాలా పెద్దదని ఆస్ట్రేలియా డాక్టర్ హెలెన్ ఓ'కానెల్ 1998లో వివరంగా చూపించారు. చాలామంది ఆడవాళ్లకు భావప్రాప్తి కలిగేది అక్కడి స్పర్శతోనే. అండాశయాలు కూడా తీసేస్తే హార్మోన్ తగ్గి పొడిబారడం, మంట, కోరిక తగ్గడం ఉండొచ్చు. దానికి వైద్యం ఉంది. "అయిపోయింది" అనేది మాత్రం నిజం కాదు.

ఈ పప్పుగుత్తి మిషన్‌కూ ఒక కథ ఉంది. జపాన్‌కు చెందిన హిటాచీ కంపెనీ 1968లో ఒంటి నొప్పులకే 'మ్యాజిక్ వాండ్' అని తెచ్చింది. అమెరికాలో బెట్టీ డాడ్సన్ అనే ఆవిడ 1970లలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, తమ ఒళ్లు తమకు తెలియాలని నేర్పుతూ దీన్నే వాడించింది. పేరు అట్లా పాకింది. కంపెనీకి మాత్రం ఆ సంగతి ఇబ్బందే. 2013లో తన పేరు దాని మీద వద్దంది. వస్తువు 'మ్యాజిక్ వాండ్' పేరుతోనే ఇంకా అమ్ముడవుతోంది. తయారు చేసినవాళ్లకే అంత సిగ్గయితే మా అక్క గొంతు తగ్గించిందంటే వింతేముంది?

"పోలీసులు పట్టుకుంటరేమోనే" అని కూడా అడిగింది. బాడీ మసాజర్లను సెక్స్ బొమ్మలుగా వాడొచ్చు, కాబట్టి అశ్లీలం అని కస్టమ్స్ వాళ్లు 1964 నాటి నోటిఫికేషన్ చూపించి దిగుమతి ఆపితే, 2024లో బాంబే హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అశ్లీల వస్తువుల అమ్మకం మీద చట్టం ఉంది గానీ, నడుం నొప్పికి మసాజర్ కొనుక్కోవడం నేరం కాదు. తలుపేసుకున్నాక దాన్ని ఎక్కడ పెట్టుకుంటామన్నది మన ఇష్టం.

వాడేటప్పుడు కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. ఇంటిల్లిపాదీ నొప్పులకు వాడేది వేరు, మన సొంతానికి వేరుగా ఉంచుకోవాలి. ఇది లోపల పెట్టేది కాదు, పైన మాత్రమే. ముందు తక్కువ వేగంతో, పల్చటి బట్ట మీద నుంచి మొదలుపెట్టాలి. పొడిగా ఉంటే నీటితో చేసిన జెల్ వాడొచ్చు. తర్వాత ప్లగ్గు తీసి, తడిబట్టతో తల శుభ్రంగా తుడిచి ఆరబెట్టాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డలు ఉన్నవాళ్లు, షుగర్ వల్ల తిమ్మిర్లు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగాలి. ముట్లు ఆగిపోయాక రక్తం కనిపించినా, కలయికలో నొప్పి ఉన్నా, ఏ మిషనూ వద్దు, ముందు డాక్టరమ్మ దగ్గరికే.

మా అమ్మ స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారి జవాబులు వంటింట్లో నిలబడి చదివేది. మేం వస్తే పేజీ తిప్పేసేది. పత్తి ఏరేకాడ ఆడవాళ్లు ఒకరినొకరు ఆటపట్టిస్తూ అనుకునే మాటలు వింటే చెవులు మూసుకోవాలి. అంటే సంగతి మనకు తెలుసు. సరసానికి మాట్లాడతాం, అవసరానికి మాట్లాడం. నవ్వుకోవడానికి ఉన్న ధైర్యం అడగడానికి ఉండదు.

అక్క మిషన్ కొనలేదు, ఇంకా. ముందు మహబూబ్‌నగర్ పోయి లేడీ డాక్టర్‌ను కలిసింది. ఆమె పరీక్ష చేసి, పొడిబారినదానికి మందు రాసి, "ఇన్నేండ్లు ఎందుకు అడగలేదమ్మా?" అన్నదట. ఆ రాత్రి అక్క బావకు డాక్టర్ చెప్పినదంతా చెప్పిందట. ఆయన చాలాసేపు ఊరకుండి, "నీకు నొప్పయితదని నేనే దూరముంటి" అన్నాడట.

పదేండ్లు ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు కట్టుకున్నారు. ఇప్పుడు మనవరాలికి వేరే మంచం తెచ్చారు.