టులెట్ బోర్డు వెనక

ఇల్లు లేని ఆడవాళ్ల గురించి చర్చ వచ్చినప్పుడల్లా మనం చట్టాల గురించి, షెల్టర్ హోముల గురించి మాట్లాడుకుంటాం. ఇంటి ఓనర్ల గురించి మాట్లాడం. 2005 గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద, ఆమెకు అదే స్థాయి ఇల్లు మరొకటి చూపించమనో, దానికి అద్దె కట్టమనో కోర్టు భర్తను ఆదేశించవచ్చు. ఆర్డరు చేతికొచ్చింది సరే, ఆ అద్దె తీసుకుని తాళంచెవి ఇచ్చేదెవరు?

నా పిహెచ్‌డి కోసం చదివిన కథల్లో ఇల్లు వదిలి వెళ్లిన నాయికలు చాలామందే ఉన్నారు. ఎక్కువ కథలు గడప దగ్గరే ఆగిపోతాయి. మర్నాడు ఆమె ఏ సందులో టులెట్ బోర్డు చూసిందో కథకులు చెప్పరు.

నాలుగేళ్లుగా స్నేహితురాళ్లతో కలిసి సికింద్రాబాద్‌లో, షెల్టర్ హోముల నుంచి బయటికొచ్చే ఆడవాళ్లకు పోర్షన్లు వెతుకుతున్నాను. వారాసిగూడ, చిలకలగూడ సందుల్లో మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు. "ఆయనేం చేస్తడు?" రెండోది, "మీరేమోళ్లు?" కేంద్రం 2021లో తెచ్చిన మాదిరి అద్దె చట్టం, ఇళ్లకు రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు వద్దంటుంది. ఈ ప్రశ్నలను మాత్రం వద్దనదు.

అడిగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. రెండు పోర్షన్ల అద్దెతో బతికే ఒక పెద్దావిడ, "వాడొచ్చి అర్ధరాత్రి లొల్లి చేస్తే నేనేం జెయ్యాలె బిడ్డా?" అంది. ఆమెను తిట్టుకోవడం తేలిక. కానీ ఆ భయం నిజమైనదే. అందుకే పదకొండు నెలల అగ్రిమెంటు, రెండు నెలల అడ్వాన్సు, రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నెంబరు, పూచీగా నా సంతకం... ఇవన్నీ ముందే ఆమె ముందు పెట్టాం. ఇల్లు దొరికింది.

"దుబాయిల ఉన్నడని చెప్పరాదక్కా, ఒడిసిపోతది" అంది ఇల్లు కావలసినామె. లేని మగవాణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టడం నాకిష్టం లేక ఒప్పుకోలేదు. తర్వాత ఆలోచిస్తే నా సంతకం చేస్తున్నదేమిటి? నా ఉద్యోగమూ, నా చదువూ, నా ఇంటిపేరూ భర్త ఖాళీని పూరిస్తున్నాయి. ఆమె కూలి డబ్బులు నావంత చెల్లుబాటయ్యేవే, ఆమె మాటే చెల్లడం లేదు.

అందుకని ఇప్పుడు లెక్క మార్చుకున్నాం. ఎన్ని ఇళ్లు ఇప్పించామన్నది కాదు, పదకొండు నెలలు తిరిగాక రెండో అగ్రిమెంటు ఎందరు ఒంటరిగా రాసుకున్నారన్నది లెక్క. పెద్దావిడ మొన్న నన్ను పిలవకుండానే ఆమె చేత సంతకం పెట్టించుకుందట. అద్దె రెండొందలు పెంచి మరీ!