దొంగ నొప్పులన్న రాత్రి

మొదటి కాన్పు పుట్టింట్లోనే కావాలని ఏడో నెలలో బిడ్డను అన్నోజిగూడకు తెచ్చుకున్నాను. 2021 ఆగస్టు, 29వ వారం. రాత్రి పది గంటలకు నేను గిన్నెలు కడుగుతుంటే వచ్చి నిలబడింది.

"అమ్మా, పొట్ట బిగుస్తోంది, మళ్లీ వదులుతోంది. నడుం లాగుతోంది."

"ఏం కాదు బిడ్డా, దొంగ నొప్పులు. నువ్వు కడుపుల ఉన్నప్పుడు నాకూ వచ్చినయ్."

జీలకర్ర కషాయం తాగించి పడుకోబెట్టాను. తెల్లారేసరికి తగ్గినట్టే అనిపించింది. సాయంత్రం నాలుగింటికి రక్తపు మరక కనిపించింది. జోడిమెట్ల, నారపల్లి దాటి, ఫ్లైఓవర్ కోసం లేపి వదిలేసిన స్తంభాల పక్క నుంచి ఉప్పల్ వైపు పోతుంటే, వాననీళ్ల గుంతల్లో కారు ఎగిరినప్పుడల్లా నా చెయ్యి గట్టిగా పట్టుకునేది.

ఆస్పత్రిలో చూసేసరికి గర్భసంచి మూతి నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుంది. వెంటనే డెక్సామెథాసోన్ సూది వేశారు. నెలలు నిండకుండా పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తులకు బలం రావడానికి తల్లికి వేసే మందు అది, పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు సూదులు. ఇలాంటి స్టెరాయిడ్ పసివాళ్లను కాపాడుతుందని న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే డాక్టర్లు 1972లోనే చూపించారు. నా బిడ్డకు ఒక్కటే పడింది. ఆ రాత్రి తొమ్మిదింటికే మనవరాలు పుట్టింది, 1,200 గ్రాములు.

ఎన్నిసార్లు లెక్కేసుకున్నానో. నొప్పులు చెప్పింది పదింటికి, ఇంట్లోంచి కదిలింది మర్నాడు నాలుగింటికి. పద్దెనిమిది గంటలు. చెప్పిన వెంటనే పోయి ఉంటే కనీసం రెండు సూదులు పడేవి. నొప్పులను కాస్త ఆపే మందులతో మిగతా రెండింటికీ వ్యవధి దొరికేదేమో.

అసలు తప్పు అంతకుముందే చేశాను. ఇరవయ్యో వారంలో టిఫా స్కాన్‌కు నేనే వెంట పోయాను. "లోపలి నుంచి స్కాన్ చేసి మూతి పొడవు కొలుద్దాం" అంది డాక్టరమ్మ. బిడ్డ సిగ్గుతో నా వైపు చూసింది. "పైనుంచి కనపడదా మేడం, నొప్పి కూడా లేదు కదా" అన్నాను. బిల్లు పెంచడానికే అడుగుతున్నారని బయటికొచ్చాక బిడ్డతో అన్నాను కూడా.

మూతి కురచవుతున్నా నొప్పి ఉండదు. 25 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ముందే కాన్పయ్యే ప్రమాదం ఎక్కువ. మూత్రసంచి నిండుగా ఉన్నప్పుడు పైనుంచి చూస్తే అది ఉన్నదానికన్నా పొడవుగా కనబడుతుంది, అందుకే లోపలి నుంచి కొలుస్తారు. కురచని తెలిస్తే రాత్రిపూట లోపల పెట్టుకునే ప్రొజెస్టిరాన్ మందు ఉంది. నా బిడ్డకు అప్పుడు ఎంత ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను కొలవనివ్వలేదు.

ముగ్గురిని కన్నదాన్ని, నాకు తెలియదా అనుకున్నాను. నాకు తెలిసింది నా ఒళ్లు మాత్రమే.

నలభై ఒక్క రోజులు ఎన్‌ఐసీయూ బయట కూర్చున్నాను. బిడ్డ కాన్పు తర్వాతి నొప్పులతోనే లేచి పాలు పిండి పంపేది. కంగారూ తల్లిలా పసిదాన్ని ఎదకు హత్తుకుని పడుకోవచ్చని చెప్పిన రోజున ఇద్దరం ఏడ్చాం. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు పదహారో వారం నుంచే రెండు వారాలకోసారి కొలిపించాం. ఇరవయ్యో వారంలో 22 మిల్లీమీటర్లకు దిగింది. మందు మొదలుపెట్టారు. ముప్పయ్యో వారంలో ఒక రాత్రి ఫోన్ చేసింది. "అమ్మా, మళ్లీ బిగుస్తోంది." ఆ మాట పూర్తయ్యేలోపే చెప్పులేసుకున్నాను.

ఆస్పత్రిలో, లోపల చెయ్యి పెట్టి చూడకముందే దూదిపుల్లతో తడి తీసి ఫైబ్రోనెక్టిన్ పరీక్ష చేశారు. ఉమ్మనీటి సంచిని గర్భసంచికి అతికించే జిగురు అది; ఆ వారాల్లో కిందికి కారకూడదు. ఉందని వస్తే కాన్పు వెంటనే అవుతుందని గట్టిగా చెప్పలేరట. లేదని వస్తే మాత్రం, నొప్పులున్నవాళ్లలో నూటికి 99 మందికి వారంలోపు కాన్పు కాదు. ఈ పరీక్ష అన్ని చోట్లా దొరకదు.

లేదనే వచ్చింది. "దొంగ నొప్పులేనమ్మా, ఇంటికి పోవచ్చు" అంది డాక్టరమ్మ.

తిరుగు దారిలో నారపల్లి దగ్గర బిడ్డ నా భుజం మీద నిద్రపోయింది. ఇల్లు చేరేదాకా నా చెయ్యి దాని పొట్ట మీదే ఉంచాను.