తెరుచుకోని ఫైళ్ళు

మందు రాసే డాక్టరుకు ఆ మందు గురించి తెలిసినదంతా దాదాపుగా ఇతరులు చెప్పినదే. ప్రయోగాల ఫలితాలు కంపెనీ దగ్గర ఉంటాయి. వాటిలో దేన్ని అచ్చువేయించాలో చాలాకాలం కంపెనీయే నిర్ణయించింది. అచ్చయిన కాగితాన్ని మెడికల్ రెప్ తెచ్చి మా బల్ల మీద పెట్టేవాడు. మందుల కంపెనీల మీద దావాలంటే నష్టపరిహారం కోసమేనని చాలామంది అనుకుంటారు. వైద్యుడిగా నాకు వాటిలో అంతకంటే పెద్ద ప్రయోజనం కనబడుతుంది: కంపెనీ లోపలి కాగితాలను బలవంతంగానైనా బయటికి రప్పించగలిగేది కోర్టు. బ్రిటన్‌లో ఆ ప్రయోజనం మాకు దక్కింది బహు తక్కువ. దావాలు విచారణ దాకా చేరకుండానే ఆగిపోవడం దానికి ముఖ్య కారణం. ఇక్కడి నియమాల ప్రకారం ప్రతివాది చూపించిన పత్రాలను ఆ కేసుకు తప్ప మరి దేనికీ వాడకూడదు. మామూలుగా బహిరంగ విచారణలో చదివితేనే ఆ కట్టు తెగుతుంది. విచారణే లేకపోతే ఫైళ్ళు మళ్ళీ బీరువాలోకే వెళతాయి.

గర్భిణులు వాడితే బిడ్డలు అవయవ లోపాలతో పుట్టిన థాలిడోమైడ్ అనే నిద్రమాత్రతోనే ఇది మొదలైంది. డిస్టిలర్స్ కంపెనీ 1958లో డిస్టావాల్ పేరుతో దాన్ని అమ్మి, గర్భిణులకు కూడా నిశ్చింతగా ఇవ్వవచ్చని వైద్యులకు ప్రచారం చేసి, 1961 చివర్లో వెనక్కి తీసుకుంది. దావాలు పదేళ్ళకు పైగా నలిగాయి. సండే టైమ్స్ పత్రిక అసలు కథ రాయబోతే కోర్టు ధిక్కారమవుతుందని అడ్డుకున్నారు. ఆ నిషేధం తప్పని 1979లో స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల న్యాయస్థానం తేల్చేనాటికి 1973లో కుదిరిన రాజీ కూడా పాతబడిపోయింది. తర్వాత ఓప్రెన్ వచ్చింది. కీళ్ళనొప్పులకు 1980లో ఎలై లిల్లీ విడుదల చేసిన ఆ మాత్ర వయసు మళ్ళినవారి శరీరంలో నుంచి త్వరగా బయటికి పోక పేరుకుపోయేది. అది వాడి కామెర్లతో చనిపోయిన ఐదుగురు వృద్ధుల గురించి బెల్ఫాస్ట్ వైద్యులు 1982లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశారు. ఆ ఆగస్టులో మందు ఆగింది. అమెరికాలో మరణాల సమాచారం అందజేయలేదని 1985లో కంపెనీ నేరం ఒప్పుకుంది. బ్రిటన్‌లో మాత్రం ఖర్చులను వాదులందరూ పంచుకోవాలన్న తీర్పుతో పేద వృద్ధులు బెదిరిపోయారు. ఆ ఖర్చులు భరించడానికి ఒక దాత ముందుకొచ్చాక, 1987లో, విచారణ లేకుండానే చిన్న మొత్తానికి రాజీ కుదిరింది.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సోడియం వాల్ప్రోయేట్, ఇక్కడివాళ్ళు ఎపిలిమ్ అని పిలిచేది. కొన్ని రకాల ఫిట్స్‌కు దాన్ని మించిన మందు లేదు. గర్భిణి వాడితే మాత్రం పుట్టే బిడ్డల్లో సుమారు పది శాతం మందికి వెన్నెముక సరిగా మూసుకోకపోవడం, గ్రహణం మొర్రి, గుండె లోపాల వంటివి వస్తాయి. 30 నుంచి 40 శాతం మందికి మాట ఆలస్యం కావచ్చు, చదువు కష్టం కావచ్చు, ఆటిజం రావచ్చు. 1970ల మొదట్లో లైసెన్సు ఇచ్చేటప్పుడే జంతు ప్రయోగాల్లో ప్రమాదం కనిపించింది. ఆ సంగతి డాక్టర్లకు చెబితే చాలు, రోగి చేతికిచ్చే కాగితంలో వేస్తే అనవసరంగా భయపడతారని నియంత్రణ సంఘం భావించినట్టు తర్వాత ప్రభుత్వ దస్తావేజుల్లో తేలింది. వాటిని వెతికి తీసింది న్యాయస్థానం కాదు, బాధిత కుటుంబాలు. ఆ కుటుంబాలు ఎపిలిమ్ కంపెనీ సనోఫీ మీద వేసిన దావాకు 2010లో, విచారణ దగ్గరపడగానే, ప్రభుత్వం ఇచ్చే న్యాయ సహాయం (లీగల్ ఎయిడ్) ఆపేశారు. ఓడితే అవతలివారి ఖర్చు కూడా మోయాల్సిన దేశంలో ఆ తల్లులకు మరో దారి లేదు. గర్భం రాకుండా జాగ్రత్తలు లేనిదే ఆడవాళ్ళకు ఈ మందు రాయకూడదన్న కచ్చితమైన నియమం 2018లో గానీ రాలేదు. మధ్యలో గడిచిన ఏళ్ళలో పుట్టిన పిల్లల్ని తలచుకుంటే, ఆ విచారణ జరిగి ఉండాల్సిందనే అంటాను. ఇంగ్లిష్ ఛానెల్‌కు అవతల ఫ్రాన్స్‌లో ఇదే మందు, ఇదే కంపెనీ: హెచ్చరించడంలో సనోఫీ తప్పు చేసిందని 2022 జనవరిలో పారిస్ కోర్టు తీర్పిచ్చింది. కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. అయినా వాదన బహిరంగంగా జరిగింది.

అదుపులో లేని ఫిట్స్ తల్లి ప్రాణమే తీయగలవు కదా, వాల్ప్రోయేట్ ఇవ్వక ఏం చేస్తారని అడిగేవారున్నారు. నిజమే, కొందరికి ఇవ్వక తప్పదు. ఇక్కడ వివాదం మందు ఇవ్వడం గురించి కాదు, నష్టం తెలిసి తల్లి తానే నిర్ణయించుకునే అవకాశం గురించి. అంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: దావాల భయంతో మంచి మందులూ పోతాయి. దీనికి డెబెండాక్స్ ఉదాహరణ. వేవిళ్ళకు ఇచ్చే ఆ మాత్ర వల్ల బిడ్డలకు లోపాలు వస్తున్నాయని దావాలు ముంచెత్తడంతో కంపెనీ 1983లో దాన్ని ఆపేసింది. ఆ ఆరోపణ నిజం కాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అదే మిశ్రమం వేరే పేరుతో బ్రిటన్‌లో లైసెన్సు పొందింది 2018లో. ఆ మధ్యకాలమంతా తిండి నిలవని గర్భిణులకు ఒక మంచి మందు లేకుండా పోయింది. ఈ నష్టాన్ని తేలిగ్గా తీసేయను. కానీ దీని నుంచి వచ్చే పాఠం దావాలు వద్దని కాదు. బిడ్డను పోషించడానికి డబ్బు కావాలంటే కంపెనీ తప్పును నిరూపించడం తప్ప గత్యంతరం లేని ఏర్పాటు మారాలని. స్వీడన్‌లో 1978 నుంచి కంపెనీలే నిధి సమకూర్చే బీమా, తప్పెవరిదో తేల్చకుండానే పరిహారమిస్తోంది. అలా ఆకలి తీరితే, దాచిపెట్టిన వాస్తవాల కోసమే కోర్టుకు వెళ్ళవచ్చు.

నియంత్రణ సంస్థ చాలదా అంటే, డిప్రెషన్‌కు ఇచ్చే సెరోక్సాట్ సంగతి చూడండి. పిల్లల్లో ఆ మందు మీద జరిగిన ప్రయోగాల సమాచారం దాచిందా అని దాని తయారీ కంపెనీ జీఎస్‌కేపై నాలుగేళ్ళు దర్యాప్తు చేసి, నాటి చట్టం ప్రకారం శిక్షించలేమని 2008లో వదిలేశారు. 2004లో న్యూయార్క్ రాష్ట్రం వేసిన దావా రాజీలో మాత్రం తన ప్రయోగాల ఫలితాలను వెబ్‌లో పెడతానని అదే కంపెనీ ఒప్పుకుంది. లండన్‌లో కూర్చున్న డాక్టరు కూడా వాటిని అలాగే చదవగలిగాడు.

కాబట్టి నేను కోరేది పెద్ద చట్టమేమీ కాదు. 1987 వినియోగదారుల రక్షణ చట్టంలో, మందు అమ్మిన పదేళ్ళకే హక్కు చచ్చిపోయే గడువును గర్భంలో గాయపడ్డ బిడ్డలకు ఎత్తివేయాలి. వాల్ప్రోయేట్ బిడ్డలకు తొలి విడతగా లక్ష పౌండ్లు ఇవ్వాలని 2024 ఫిబ్రవరిలో రోగుల భద్రతా కమిషనర్ హెన్రియెటా హ్యూస్ చేసిన సిఫార్సును, వైద్యులమంతా ఆమె వెనక నిలబడి అమలు చేయించాలి. మందు భద్రతకు సంబంధించి దావాలో కంపెనీ చూపించిన ప్రతి పత్రం, దావా ఏ దశలో ఆగినా సరే, ఔషధ నియంత్రణ సంస్థకు చేరాలి. అక్కడి నుంచి మాకూ చేరాలి.